తమ్ముడి దవడకు ఇప్పుడే కత్తి వద్దు

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. మా తమ్ముడికి మొన్ననే 17 నిండాయి. ప్లస్ టూ రెండో ఏడాది చదువుతున్నాడు. చిన్నప్పుడు బాగానే ఉండేవాడు. 13 ఏళ్ళు వచ్చినప్పటి నుంచి కింది దవడ ముందుకు వస్తోంది. నోరు మూస్తే కింది పళ్ళు పై పళ్ళకు ముందు నిలబడతాయి. పూరీ అయినా, జామకాయ అయినా పక్క పళ్ళతోనే చీల్చుకుంటాడు. ‘స’, ‘ఫ’ పలికితే గాలి పోతుంది. విశాఖలో చూపిస్తే క్లిప్పులు వేసి ఆపరేషన్ చేయాలి, కానీ 20 దాటాకే అన్నారు. తెలిసినవాళ్ళు చెబితే ఇంకోచోటికీ వెళ్ళాం. అక్కడ క్లిప్పులు అక్కర్లేదు, ఈ సెలవుల్లో చేయించేయండి, కాలేజీలో చేరేనాటికి ముఖం మారిపోతుంది అన్నారు. మగపిల్లాడికి ఈ సోకులెందుకని నాన్నగారు. దవడ కోస్తే మాట పడిపోతుందని నాన్నమ్మ ఒకటే ఏడుపు. వాడేమో ఫోన్లో వీడియోలు చూసి రోజంతా నాలుకను అంగిలికి అదిమిపెట్టి కూర్చుంటున్నాడు. ఎవరి మాట వినాలి? ఖర్చు మాట తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
— ఒక అక్క

సమాధానం:

అమ్మా, విశాఖ డాక్టరు గారి మాట వినండి. ఈ సెలవుల్లో ఆపరేషన్ వద్దు.

ముఖంలో ఎముకలన్నిటికన్నా ఆలస్యంగా ఎదుగుదల ఆపేది కింది దవడే. ఆడపిల్లల్లో 16, 17 ఏళ్ళకు దాదాపు ఆగిపోతుంది. మగపిల్లల్లో 18 నుంచి 21 మధ్య ఎప్పుడైనా ఆగవచ్చు. దవడ ముందుకొచ్చే రకం పిల్లల్లో అయితే ఇంకొంచెం సాగుతుంది కూడా. అబ్బాయి ఎత్తు పెరగడం ఆగింది కదా, దవడ కూడా ఆగే ఉంటుందని అనుకోకండి. ఎదుగుతున్న దవడను కోసి వెనక్కి జరిపితే, కుట్లు విప్పేనాటికి అంతా బాగానే కనిపిస్తుంది. ఏడాదో రెండేళ్ళో గడిచేసరికి మళ్ళీ కింది పళ్ళు పైవాటిని దాటి ముందుకొస్తాయి. అప్పుడు రెండో ఆపరేషన్. ఒకసారి కోసి అతికిన చోట మళ్ళీ కోయడం మొదటిసారంత సులువు కాదు.

20 అనే అంకె కూడా ఒక అంచనాయే. ఎదుగుదల ఆగిందో లేదో తేల్చేది ఎక్స్‌రే. తల మొత్తం పక్క నుంచి పడేలా తీసేదాన్ని సెఫలోగ్రామ్ అంటారు. ఇప్పుడొకటి తీయించండి, ఆరు నెలలో ఏడాదో ఆగి ఇంకొకటి, మళ్ళీ ఇంకొకటి. వెనకటి రోజుల్లో ఫిల్ము మీద పల్చటి కాగితం పరిచి, పుర్రె అడుగుభాగం, ముందు పళ్ళు, గడ్డం గీతలు పెన్సిలుతో దించుకునేవాళ్ళం. ఇప్పుడు కంప్యూటరే గీసిపెడుతోంది. ఆరు నెలల కిందటి గీతనూ ఇప్పటి గీతనూ పుర్రె అడుగు దగ్గర కలిపి ఒకదాని మీద ఒకటి పెడతారు. మిగతావన్నీ కలిసి గడ్డం గీత ఒక్కటే ముందుకు తప్పుకుంటే దవడ ఇంకా ఎదుగుతోందన్నమాట. వరసగా రెండు సార్లు గీతలు అచ్చంగా కలిస్తే ఆపరేషన్ మాట ఎత్తవచ్చు. ఒకే సెంటర్లో, ఒకే మిషన్ మీద తీయిస్తే పోల్చడం తేలిక. ఫిల్ములూ సీడీలూ పారేయకుండా బీరువాలో పెట్టండి. మూడేళ్ళ తరవాత డాక్టరు మొదట అడిగేది అవే.

రెండోచోట చెప్పినదంతా అబద్ధమని అనను. ముందు ఆపరేషన్ చేసి తరవాత క్లిప్పులు వేసే పద్ధతి ఉంది. ఎంచుకున్న కొద్దిమందికి అది బాగా పనికొస్తుంది. అందులోనూ క్లిప్పులు తప్పవు, ముందు కాకపోతే వెనక. అసలు క్లిప్పులే అక్కర్లేదన్న వారిని రెండు ప్రశ్నలడగండి. ఎదుగుదల ఆగిందని దేన్ని చూసి చెబుతున్నారు? దవడ జరిపాక పై వరసా కింది వరసా ఎలా కూర్చుంటాయి? ఈ రెంటికీ ఎక్స్‌రే, పళ్ళ అచ్చు చూపించి జవాబు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. 17 ఏళ్ళ కుర్రాడి ఎక్స్‌రేలను వరసగా పోల్చి చూడకుండా ‘సెలవుల్లో కొత్త ముఖం’ అనడం నాకు బేరంలాగే వినిపిస్తోంది. ఎవరైనా ముందు పళ్ళను అరగదీసి క్యాపులు తొడిగి కవర్ చేసేస్తామన్నా ఒప్పుకోకండి. గట్టి పళ్ళు పాడవుతాయి, దవడ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఇంకో సంగతి. కింది దవడ ముందుకొచ్చిందని మీరు రాశారు. చూసేవాళ్ళకు అలాగే కనిపిస్తుంది. కానీ ఇలా వచ్చేవాళ్ళలో చాలామందికి పై దవడ కూడా వెనకబడి ఉంటుంది. కొందరిలో లోపమంతా పైదే. బుగ్గలు, ముక్కు పక్కలు చదునుగా లోపలికి ఉన్నాయేమో గమనించండి. అలా ఉంటే సర్జన్ పై దవడను ముందుకు తేవాలనో, రెండిటినీ కొంచెం కొంచెం సర్దాలనో అనవచ్చు. కింది దవడను ఒక్కదాన్నే మరీ వెనక్కి నెట్టితే నాలుక వెనక గాలి పోయే దారి ఇరుకవుతుంది. మీ తమ్ముడు గట్టిగా గురక పెడతాడా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడతాడా అన్నది ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. ఆ మాట డాక్టరుకు అడగకపోయినా చెప్పండి.

ఈ గడ్డం పోలిక వంశాల్లో కూడా నడుస్తుంది. యూరప్‌ను ఏలిన హాప్స్‌బర్గ్ రాజుల చిత్రాల్లో తరాల తరబడి ఇదే దవడ కనిపిస్తుంది. స్పెయిన్ రాజు రెండో చార్లెస్‌కు ఆహారం నమలడమే కష్టమయ్యేదని రాశారు. మీ ఇంట్లో, పిన్ని, మేనత్తల ఇళ్ళలో 7, 8 ఏళ్ళ పిల్లలెవరికైనా కింది పళ్ళు ముందుకు పడుతుంటే ఇప్పుడే చూపించమనండి. పై దవడ వెనకబడిన పిల్లలకు ఆ వయసులో ముఖానికి పెట్టే ఫేస్ మాస్కు అనే పరికరంతో దాన్ని కొంత ముందుకు లాగవచ్చు. మీ తమ్ముడికి ఆ వయసు దాటిపోయింది.

ఫోన్లో చూసి చేసే నాలుక విద్యలకూ ఆ వయసు దాటిపోయింది. నాలుకను అంగిలికి అదిమినంత మాత్రాన ఎదిగిన దవడ ఎముక వెనక్కి పోదు. గంటల తరబడి చూయింగ్ గమ్ నమిలితే పెరిగేది దవడ కండ, అదనంగా చెవి ముందున్న కీలు నొప్పి. తిట్టకండి పాపం, వాడి వయసులో ఎవరైనా అదే చేస్తారు. వాడు ఎంత బాధపడుతున్నాడో ఆ వీడియోల వల్లే తెలిసింది మనకు. మీ ఉత్తరంలో నాన్నగారి మాట ఉంది, నాన్నమ్మ మాట ఉంది, ఇద్దరు డాక్టర్ల మాట ఉంది. వాడు ఏమన్నాడో ఒక్క ముక్క లేదు. ఆపరేషన్ కావాలా అని వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. వద్దంటే బలవంతం చేయకండి. ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు. 25 ఏళ్ళకు కావాలనిపిస్తే అప్పుడూ చేయించుకోవచ్చు. తేడా మరీ ఎక్కువ లేకపోతే దవడను ముట్టుకోకుండా క్లిప్పులతోనే పళ్ళను సర్ది సరిపెట్టే దారి కూడా ఉంటుంది. అది వాడికి కుదురుతుందో లేదో ఆర్థోడాంటిస్ట్, అంటే క్లిప్పులు వేసే డాక్టరు, చెబుతారు.

నాన్నగారికి మాత్రం ఒకటి చెప్పండి. కొరకడానికి ఉన్న పళ్ళు కొరకలేకపోతే దాన్ని సోకు అనరు. పక్క పళ్ళ మీదే భారమంతా పడితే అవి తొందరగా అరుగుతాయి. వాడు ఇంటర్వ్యూలో ‘స’ పలకాల్సి వచ్చినప్పుడల్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంటే అది చిన్న విషయం కాదు. పైగా, ముఖం బాగుండాలనుకోవడం మగపిల్లాడికైనా తప్పెలా అవుతుంది?

వాడు సరేనంటే ఈ రెండు మూడేళ్ళూ ఊరికే పోవు. పుచ్చిన పళ్ళుంటే ఇప్పుడే బాగుచేయించండి. జ్ఞానదంతాలు కోత పడే చోటే ఉంటాయి కాబట్టి చాలామంది సర్జన్లు కనీసం 6 నెలల ముందు వాటిని తీయించేస్తారు. ఖైనీ, గుట్కా అలవాటు ఉందేమో వాడినే అడగండి. 17 ఏళ్ళకేం ఉంటుందిలే అనుకోకండి, మన వైపు పాన్ డబ్బాల దగ్గర చూస్తూనే ఉన్నాం. పొగాకు ఉంటే కోత మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే భయం పెరుగుతుంది.

క్లిప్పులు ఎప్పుడు మొదలుపెట్టాలన్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ఆపరేషన్‌కు ముందు ఏడాది నుంచి ఏడాదిన్నర క్లిప్పులు, తరవాత ఆరు నెలలో ఇంకొంచెమో. ఇంతకాలమూ నెలకో, నెలన్నరకో ఒకసారి ఆర్థోడాంటిస్ట్ దగ్గర కుర్చీ ఎక్కాల్సిందే. ప్లస్ టూ అయ్యాక వాడు భువనేశ్వర్ వెళతాడా, బరంపురమా, శ్రీకాకుళమా, ఊళ్ళోనే ఉంటాడా? సీటు ఎక్కడో తేలాక, ఆ ఊళ్ళోనో, పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలోనో ఉన్నవాళ్ళ దగ్గర వేయించండి. ఒకచోట వేసిన క్లిప్పులను మధ్యలో ఇంకో డాక్టరు చేతికి ఇస్తే ఇద్దరికీ తలనొప్పి, మీకు రెండు ఫీజులు. సర్జన్ మాత్రం దూరమైనా ఫరవాలేదు, వెళ్ళేది కొద్దిసార్లే. ఈ ఆపరేషన్లు తరచుగా చేసే మాక్సిల్లోఫేషియల్ (దవడ, ముఖ ఎముకల) సర్జన్‌ను చూసుకోండి. క్లిప్పులు మొదలుకాకముందే సర్జనూ ఆర్థోడాంటిస్టూ ఒకసారి కలిసి ప్లాన్ వేసుకోవాలి. క్లిప్పులన్నీ అయ్యాక సర్జన్‌ను వెతుక్కోవడం మొదలుపెడితే పళ్ళు ఒక లెక్కలో ఉంటాయి, ఆయన లెక్క ఇంకోటి అవుతుంది.

క్లిప్పులు వేసిన ఆరేడు నెలలకు ఇంట్లో గొడవ మొదలవుతుంది, ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను. దవడ ముందుకు పోతున్నకొద్దీ శరీరం తనంతట తాను సర్దుబాటు చేసుకుని కింది పళ్ళను లోపలికి, పై పళ్ళను బయటికి వంచుతుంది. దవడను సరైన చోటికి జరపాలంటే ముందు ఆ వంకర తీసి పళ్ళను ఎముక మీద నిటారుగా నిలపాలి. అలా నిలిపేసరికి తేడా ఇప్పటికన్నా ఎక్కువ కనిపిస్తుంది. చుట్టాలంతా ‘క్లిప్పులేసి ఇంకా చెడగొట్టారే’ అంటారు. ఆ దశలో భయపడి మానేసినవాళ్ళు ఎటూ కాకుండా పోతారు. అది దారిలో వచ్చే మలుపేనని నాన్నమ్మకు ముందే చెప్పి ఉంచండి.

నాన్నమ్మ భయం సంగతి. కింది దవడను సరిచేసే ఆపరేషన్ 1849లో అమెరికాలో సైమన్ హల్లిహెన్ అనే సర్జన్ మొదట చేశారు. ఆ తరవాత చాలాకాలం చర్మం మీద నుంచి కోసిన పద్ధతులే ఎక్కువ. 1957లో హ్యూగో ఒబ్వెగేసర్ అనే సర్జన్, ట్రౌనర్ అనే ఇంకో సర్జన్‌తో కలిసి, నోటి లోపలి నుంచే చేసే పద్ధతిని ప్రచురించారు. దానికి తరవాతివాళ్ళు మార్పులు చేశారు. ఇవాళ ఎక్కువగా చేసేది అదే. ముఖం మీద పెద్ద గాటు పడదు. పూర్తి మత్తు ఇచ్చి, గాలి గొట్టాన్ని ముక్కులోంచి వేస్తారు. రెండు పక్కలా ఆఖరి దవడ పన్ను వెనక చిగురు కోసి ఎముకను బయటపెడతారు. అక్కడ దవడను అడ్డంగా నరకరు. వెదురు బద్దను చీల్చినట్టు బయటి పొర ఒకవైపు, లోపలి పొర ఒకవైపు వచ్చేలా నిలువునా చీలుస్తారు. చెవి దగ్గర కీలు ఉన్న ముక్క ఉన్నచోటే ఉంటుంది. పళ్ళున్న ముందుభాగమంతా ఒకే ముక్కగా, కావలసినన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది. రెండు పొరలూ ఒకదాని పక్కన ఒకటి వెడల్పుగా ఆనుకుని ఉంటాయి కాబట్టి ఎముక బాగా అతుక్కుంటుంది. పళ్ళు ఎక్కడ కూర్చోవాలో ముందే తయారుచేసిన పల్చటి ప్లాస్టిక్ అచ్చు చూపిస్తుంది. దాన్ని పళ్ళ మధ్య పెట్టి, సరిచూసి, టైటానియం ప్లేట్లూ స్క్రూలూ బిగిస్తారు. అవి తరవాత ఇబ్బంది పెడితే తప్ప తీయరు. వెనకటి రోజుల్లో ఈ ప్లేట్లు లేక ఆరు వారాలు నోటిని తీగలతో కట్టేసేవారు. నాన్నమ్మ చెవిన పడింది ఆ కాలం మాట అయుంటుంది. ఇప్పుడు చాలామందికి రబ్బరు బ్యాండ్లతో సరిపోతుంది.

మాట పడిపోదు. గొంతు జోలికి ఎవరూ వెళ్ళరు. కొన్నాళ్ళు ముద్దగా మాట్లాడతాడు, అంతే.

నేను ఆలోచించమనేది ఇంకోదాని గురించి, చాలామంది దాన్ని దాటవేసి చెబుతారు. కింది దవడ ఎముక లోపల గొట్టంలాంటి దారిలో ఒక నరం నడుస్తుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శ ఇచ్చేది అదే. సరిగ్గా ఎముక చీల్చే చోటే ఉంటుంది. దాన్ని కోయకపోయినా సాగుతుంది, ఒత్తిడి పడుతుంది. అందుకే ఆపరేషన్ తరవాత పెదవీ గడ్డమూ మొద్దుబారడం దాదాపు అందరిలో ఉంటుంది. టీ తాగుతుంటే పెదవి చివర కారేది తెలియదు. మీసాలొచ్చిన కుర్రాడు గడ్డం గీసుకుంటుంటే బ్లేడుకు తెగిందని అద్దంలో రక్తం చూశాకే తెలుస్తుంది. పెదవి కదలికకు ఏమీ కాదు, పోయేది స్పర్శే. చాలామందిలో కొన్ని వారాల నుంచి ఏడాది లోపు తిరిగొస్తుంది. మొదట చీమలు పాకినట్టు అనిపించడం మంచి గుర్తే. కొందరికి ఒక చిన్న భాగంలో మొద్దు ఎప్పటికీ ఉండిపోతుంది. వయసు పెరిగినకొద్దీ ఆ ప్రమాదం ఎక్కువ. ఈ సంగతి వాడికి అర్థమయ్యేలా చెప్పి, దానికి వాడు సిద్ధమేనా అని అడగాలి. సంతకం పెట్టే రోజు పొద్దున చెప్పే మాట కాదిది. రక్తస్రావం, చీము, కీలు నొప్పి, దవడ కొంచెం పాత చోటికి మళ్ళడం వంటివి కూడా ఉన్నాయి. వాటిని సర్జన్ వివరంగా చెబుతారు.

ఆసుపత్రిలో రెండు మూడు రోజులు, ఒక్కోసారి ఇంకో రోజు. వాపు రెండో, మూడో రోజుకు ముదిరి, రెండు మూడు వారాల్లో చాలావరకు దిగుతుంది. పూర్తిగా దిగి అసలు ముఖం తేలడానికి ఆరు నెలలు పట్టవచ్చు. మొదటి వారం కుర్రాడు దిగులుపడతాడు. అద్దంలో ముఖం తనదిలా ఉండదు, తినలేడు, మాట్లాడలేడు. ఆ వారం చుట్టాలను పరామర్శకు రానివ్వకండి, వీడియో కాల్సూ వద్దు.

తిండి విషయంలో మన వంటిల్లు బాగానే ఆదుకుంటుంది. మొదటి రెండు వారాలు తాగేవే: పల్చటి రాగి అంబలి, పప్పుకట్టు, గంజి, పాలు, మజ్జిగ, వడకట్టిన చికెన్ సూప్. పెదవి మొద్దుబారి ఉంటుంది కాబట్టి వేడి మీరే చూసి ఇవ్వాలి, లేకపోతే కాలినా వాడికి తెలియదు. పెద్ద సిరంజికి గొట్టం తగిలించి బుగ్గ పక్క నుంచి పోయడం నర్సులు నేర్పుతారు. ఆ తరవాత ఆరు వారాలు నిండేదాకా మెత్తగా పిసికిన అన్నం, సాంబారులో నానిన ఇడ్లీ, గుడ్డు. మరమరాల మిక్చరు, జంతికలు, మటను సర్జన్ సరేననేదాకా ఇంట్లో కనబడనీయకండి. నాలుగైదు కిలోలు తగ్గడం మామూలే. ప్రతిసారీ తిన్నాక నోరు శుభ్రం చేసుకోవాలి, ఒళ్ళు నొప్పులున్నా సరే. కాలేజీకి రెండు మూడు వారాల్లో వెళ్ళగలిగినా, క్రికెట్, ఫుట్‌బాల్ లాంటివి డాక్టరు చెప్పేదాకా మానాలి. అందుకని పరీక్షలయ్యాక వచ్చే సెలవులు చూసుకోండి.

ఇక ఖర్చు. క్లిప్పులు, ఎక్స్‌రేలూ స్కానింగూ, ఆపరేషన్, రానుపోను ఖర్చులు, ఇలా విడివిడిగా లెక్క వేసుకోండి. ఆపరేషన్ అన్నచోట సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, థియేటరు, ప్లేట్లు, గది అన్నీ కలిశాయా అని అడగాలి. ప్లేట్ల ఖర్చు వేరే అని చివర్లో చెప్పేవాళ్ళున్నారు. కటక్‌లో ఎస్.సి.బి. డెంటల్ కాలేజీ ప్రభుత్వానిదే. అక్కడ క్లిప్పుల విభాగమూ, నోటి శస్త్రచికిత్స విభాగమూ రెండూ ఉన్నాయి. పలాస వెళ్ళి మెయిన్ లైన్ రైలెక్కితే చేరుకోవచ్చు. చేతిలో రెండు మూడేళ్ళ టైమ్ ఉంది కాబట్టి అక్కడ పేరు నమోదు చేయించుకుని ఎదురుచూసినా నష్టం లేదు.

మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రలోని పాతపట్నం. మనవాళ్ళు సగంమంది అటే ఉంటారు కనుక, మేనమామ గారి రేషన్ కార్డులో వీడి పేరెక్కించి ఆంధ్రలో చేయించేద్దాం అనే సలహా ఎవరో ఒకరు ఇస్తారు. ఆంధ్ర ఆరోగ్య పథకం అక్కడి కార్డుదారులకే, మీకు వర్తించేది ఒడిశా కార్డు. ఆధార్ దగ్గరే దొరికిపోతారు. మీ కార్డు మీద ఈ ఆపరేషన్ వస్తుందో లేదో ఆసుపత్రిలోని కార్డు కౌంటర్లో ముందే అడగండి. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటే ‘అందం కోసం చేసేది’ అని రాసి క్లెయిమ్ తిప్పికొట్టడం మామూలు. నమలలేకపోవడం, ఉచ్చారణ లోపం, పళ్ళు కలవని తేడా ఎన్ని మిల్లీమీటర్లో, గురక ఉంటే గురక, ఇవన్నీ సర్జన్ చేత లెటర్‌హెడ్ మీద రాయించుకుని ముందస్తు అనుమతికి పెట్టండి. కార్డు అయినా, ఇన్సూరెన్సు అయినా వాళ్ళ జవాబు కాగితం మీద చేతికొచ్చాకే ఆపరేషన్‌కు అడ్వాన్సు కట్టండి.